మా దీవిలో ఆ పాట నెమ్మదిగానే ఉండీది

"అమ్మమ్మా, శాదీకి డీజే ఫిక్స్ చేసేశాం. తాత బురా మానడు కదా? తాతకి పహలే గిటార్ బ్యాండ్ ఉండేదంట, అమ్మ చెప్పింది. దాని గురించి చెప్పవా, ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటాను."

ఏటీ, తాత ఏటనుకుంటాడో నన్నడుగుతావేటే? ఆయన అదిగో బయట అరుగు మీదే కూకున్నాడు. నోరున్నాది, సెవులు బాగానే పనిసేత్తన్నాయి. ఆయన్నడగడానికి బయ్యం, నన్నడగడానికి లేదు. సరేలే. ఆ ఫోను కొంచెం ఎడంగా పెట్టు, మొకం మీద పెట్టకు. నాను మాటాడినదంతా ఇంటాదా అది? దగ్గితే దగ్గు కూడానా? ఇననీ, దానికీ టైమ్ పాస్ అవుతాది.

బ్యాండంటే నువ్వు బాకాలూదుకుంటా పెల్లికొడుకు ముందర నడిసీవోలనుకుంటావేమో. కాదు. గిటారు బ్యాండు. నలుగురు ఉండీవోలు. మీ తాత ముందర గిటారు. బిశ్వాస్ అని బెంగాలీవోడు, ఫెరార్గంజ్ దగ్గిర ఆల్లకి పొలం ఉండీది, ఆడిది లావు తీగల గిటారు, డుమ్ డుమ్‌మని కింద నుంచి మోగీది. జోసెఫ్ రాంచీవోడు, డ్రమ్ములు. సెల్వం అని తమిళ కుర్రోడు, ఏదో గవర్మెంటు ఆఫీసులో ప్యూను, పాట ఆడిది. మొగ గొంతూ ఆడే, ఆడ గొంతూ ఆడే. ఆడ గొంతు వొచ్చినప్పుడు సిగ్గుకి మైకు ముందర తువ్వాలు అడ్డం పెట్టుకునీవోడు. జనం తువ్వాలు సూసి నవ్వీవోలు గానీ, కల్లు మూసుకుంటే మాత్రం ఆడకూతురే. నలుగురికీ నాలుగు భాషలు. దెబ్బలాట వొచ్చినప్పుడు మాత్రం నలుగురూ హిందీ. తిట్టుకోవడానికి అందరికీ తెలిసిన భాష ఒకటుండాల కదా మరి.

మీ తాత అయ్య, మతలబ్ మా మావ, శ్రీకాకుళం పక్క సముద్రపొడ్డు నుంచి వొచ్చినాడు. ఇక్కడ సముద్రంనిండా సేపలే, పట్టీవోలు లేరని సర్కారోలు మనవోల్లని ఓడెక్కించి తెచ్చినారు. హోప్ టౌన్‌లో ఇంత జాగా ఇచ్చినారు. ఆ రోజుల్లో కోనాం సేప ఎంతో తెలుసా? ఎంతకైనా సరే, కొనీవోడుండాల కదా! ఎండబెట్టుకోడం, తినడం, మిగిలింది పిల్లులకి. ఇప్పుడు అదే కోనాం కోసం టూరిస్టులు క్యూలు కడతన్నారు. ఏటి సెప్తన్నాను? ఆఁ, గిటారు. మీ తాతకి కుర్రతనంలో కొత్త వల కొనుక్కో నాయనా అని మా మావ డబ్బులిచ్చి బజారుకి పంపితే, ఓడ దిగిన సిపాయి ఎవడో అమ్ముతన్నాడని గిటారు కొనుక్కొచ్చినాడు. మా అత్త గుండెలు బాదుకున్నాదంట. "వల తెత్తాడనుకుంటే ఆరు తీగలు తెచ్చినాడు, ఈ సందుల్లో ఏ సేప పడతాదిరా" అని.

నాను పడ్డాను. నవ్వకే. మా అయ్య ఏటన్నాడో తెలుసా? "పగలు ఏట, రాత్రి పాట. పిల్ల ఆకలికి సావదు, నిద్ర లేక సత్తాది" అన్నాడు. నిజమే అన్నాడు పాపం.

సరే, ఆ బ్యాండుకి ఎంత గిరాకీ అంటే, ఇప్పుడు నీకు సెప్తే నమ్మవు. టీవీ లేదు. రేడియో ఉండీది గానీ అందులో పాట కంటే సముద్రం హోరే ఎక్కువ. కొత్త సినిమా పాట మనకి రావాలంటే ఓడలోనే రావాల. బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు, పాట, అన్నీ ఒకే ఓడలో. ఓడ లేటయితే పాటా లేటు. సముద్రం అవతల మేనల్యాండులో అందరూ పాడి పాడి ఇసుగెత్తి ఒగ్గేసిన పాట మనకి కొత్త పాట! అందుకని ఈ నలుగురూ ఒక తెలివైన పని సేసీవోలు. తెలివైనదని ఆల్లనుకున్నారులే.

మా తమ్ముడు అప్పన్న ఓడలో ఖలాసీగా ఉండీవోడు కదా. మీ అమ్మకి మేనమావ, నువ్వు సూడలేదు. ఓడ హార్బరులోకి రాగానే ఆడు కబురు పెట్టీవోడు, కేసెట్ల డబ్బా దిగతన్నాదని. మీ తాతా బిశ్వాసూ ఎల్లి అబర్డీన్ బజారులో కేసెట్ల కొట్టు ముందర కూకునీవోలు. కొట్టోడు డబ్బా ఇప్పడమే ఆలస్యం, కొత్త పాట కేసెట్లు ఎన్నుంటే అన్నీ కొనీసీవోలు. పూరా! ఎన్నో ఉండీవి కావులే, టేపురికార్డరు ఎంతమందికుండీది గనక. ఒకటి సాలు కదా నేర్చుకోవడానికి? కానీ మిగిలినవి కొట్లో ఒగ్గేత్తే ఇంకోడు కొని ఇనేత్తాడు. ఇంటే బ్యాండు ఎందుకు? అదీ లెక్క. అలగ నాలుగిల్లల్లో అదే పాట నాలుగు కేసెట్లుండీవి. పెల్లిలో మొదటిసారి వాయించీదాకా ఇంట్లో కూడా కిటికీలు మూసి, టేపురికార్డరు మీద దుప్పటి కప్పి ఇనాల. నాను దుప్పట్లో తలదూర్చి పాటలిన్నాను తల్లీ. పక్కింటోలు నాకు జొరమొచ్చిందనుకునీవోలు.

ఇప్పుడు అసలు సంగతి ఇను. ఒకసారి ఓడ బాగా లేటయినాది. కేసెట్టయితే వొచ్చినాది గానీ సెల్లులు రాలేదు. హోప్ టౌన్‌లో అప్పుడు కరెంటు ఎప్పుడొత్తాదో ఎప్పుడు పోతాదో దానికే తెలీదు, అందుకని టేపురికార్డరుకి సెల్లులే దిక్కు. అయిపోయిన సెల్లులు ఏటి సేసీవోలమంటే, ఎండలో పెట్టీవోలం. నీకు నవ్వులాట. నిజంగా, మిరపకాయలెట్టినట్టు దడి మీద ఎండబెట్టీవోలం. కొంచెం పాణం వొచ్చీది వాటికి. ఆ కొంచెం పాణంతోనే టేపు తిరిగీది. తిరిగీది అంటే, ముసలోడు మెట్లెక్కినట్టు. పాట మాత్రం బాగున్నాది, ఆహా, గుండి పిండీసినట్టున్నాది. మాటలు కూడా 'ఎల్తన్నాను, ఎల్తన్నాను' అన్నట్టే ఉంటాయి. నాను దుప్పట్లోనే ఏడిసినాను. సెల్వం నేర్చుకున్నాడు, మీ తాత గిటారు మీద మద్దెలో ఒక మలుపు పెట్టినాడు, అది విని బిశ్వాస్ కల్లు కూడా తడైనాయి.

ఇంక సూసుకో. ఆ ఏడాది ఎన్ని పెల్లిల్లు జరిగితే అన్నింట్లోనూ అదే పాట, అప్పగింతలప్పుడు. మనవోల్లవీ, బెంగాలీలవీ, తమిళోల్లవీ. పెల్లికూతురు బండెక్కుతుంటే సెల్వం తువ్వాలు అడ్డం పెట్టుకుని మొదలెట్టీవోడు, ఆడోలందరం ఒక్కసారే గొల్లుమనీవోలం. ఈ పాట లేకపోతే పిల్లని పంపినట్టే కాదని నమ్మకం వొచ్చేసినాది జనానికి. ఒకామె, ఆ పాట లేదని అల్లుడింటికి పిల్లని మర్నాడు దాకా పంపలేదు. బ్యాండు ఇంకో ఊర్లో ఉన్నాది, ఫెర్రీ దిగి వొచ్చీదాకా పెల్లికొడుకు అలగే కూకున్నాడు. నిజం!

కొన్నాల్లకి టీవీ వొచ్చినాది. మన వీధిలో ముందర మాస్టారింటికి వొచ్చినాది. ఆయన వైజాగునుంచొచ్చిన టీచరు, మంచోడు, అందర్నీ రమ్మనీవోడు. ఒక ఆదివారం అందరం కూకున్నాం, ఆ పాటొచ్చినాది. మొదట ఏ పాటో ఎవలికీ తెల్లేదు. డబడబడబా అని కొండ మీద నుంచి దొర్లుకొచ్చినట్టుంది. తర్వాత మాటలు తెలిసినాయి. అప్పగింతల పాట! ఆ సినిమాలో పిల్ల గంట లాంటి గౌను యేసుకుని ఎగురుతుంది తల్లీ, గెంతుతుంది, కన్ను కొడతాది! ఈ ఎల్తన్నాను ఎల్తన్నాను అన్నది అత్తారింటికి కాదు, హీరో ఎంటపడి పట్టుకోవాలని ఎల్తన్నాది! మేం సెల్లులు ఎండబెట్టి, సరదా పాటని ఏడుపు పాట సేసి, దీవి దీవంతటినీ ఏడిపించినాం.

మీ తాత మొకం నాను సూల్లేకపోనాను. అప్పుడు మీ పెదతాత పెల్లం, ముసిల్ది, ఏటన్నాదో తెలుసా? "ఈ సినిమావోలికి బుద్ధి లేదమ్మా, బంగారం లాంటి మన పాట పాడుసేసినారు" అన్నాది. అందరూ అవునవును అన్నారు. మీ తాత గుండి అప్పుడు మల్లీ కొట్టుకున్నాది.

పెద్దోల్లు అలగన్నారు. పిల్లలు అనలేదు. అక్కడే మొదలైనాది. తర్వాత పెల్లిలో మీ తాత ఆ పాట మొదలెడితే కుర్రోలు "అరే, గలత్ బజా రహా హై" అన్నారు. తప్పంట! ఎన్నేల్లనుంచో ఏడిసిన పాట తప్పు పాట అయిపోనాది. తర్వాత ఏ పాటకయినా అదే గోల, ఒరిజినల్ లాగ లేదు, ఒరిజినల్ లాగ లేదు. అంతకుముందు మీ తాత వాయించిందే ఒరిజినలు. ఇప్పుడు మనిసి ముందర కూకుని వాయిత్తే డూప్లికేటు, డబ్బాలోంచి వొత్తే ఒరిజినలు. ఈ తిరకాసు నాకు ఇప్పటికీ బుర్రకెక్కదు.

మీ అమ్మ పెల్లి టీవీ రాకముందే... కాదు కాదు, వొచ్చేసినాది అప్పటికి. అవును, వొచ్చినాకే. అయినా మీ అమ్మ "నాకు మా అయ్య పాటే కావాల, నెమ్మదిదే" అన్నాది. ఆ ఒక్క పెల్లికీ ఎవలూ తప్పనలేదు. పెల్లికూతురు అయ్యని తప్పంటారేటి.

తర్వాత కీబోర్డు వొచ్చినాది. అందులో డ్రమ్ములుంటాయి, మీట నొక్కితే అదే కొట్టుకుంటాది. జోసెఫ్‌ని రావద్దన్నారు. మీ తాతా బిశ్వాసూ నోరిప్పలేదు సుమా! పైగా ఫెర్రీలో డ్రమ్ములు మొయ్యక్కర్లేదని లోపల సంబరం. తర్వాత కీబోర్డోడు ఎడం సేత్తో లావు గిటారు కూడా తనే లాగించీసినాడు. బిశ్వాస్ ఫెరార్గంజ్ ఎల్లిపోయి వొంకాయలేసుకున్నాడు. అప్పుడు మీ తాత ఒక్కడే కదిలినాడు, "ఇదేం నాయం" అని. నాయం జోసెఫ్‌తోనే ఎల్లిపోనాది కదా అన్నాన్నాను. ఆయన గిటారు తీసి అటకెక్కించీసినాడు.

ఇంక ఆ బతు బస్తీలో జరిగిన పెల్లి సెప్పాల. ఇది మీ అమ్మకి కూడా సరిగ్గా తెలీదు. ఇంజను బోట్లున్న ఆసామి ఒకడు, మనవోడే, పేరెందుకులే, మంచోడే. పెద్ద పిల్ల పెల్లికి మీ తాత బ్యాండే వాయించినాది. సిన్న పిల్ల పెల్లికి మల్లీ వొచ్చి, "నూకరాజు బావా, నలుగురూ ఉండాల, పాత బ్యాండు పూరా ఉండాల" అన్నాడు. మీ తాత కల్లు ఎలగ వెలిగినాయో! ఆయన అప్పటికి ఎన్నాల్లనుంచో గిటారు ముట్టుకోలేదు. ఫెరార్గంజ్ ఎల్లి బిశ్వాస్‌ని వొంకాయల్లోంచి లాక్కొచ్చినాడు. జోసెఫ్ ఇంటికి ఎల్లి ఏటి సెప్పుకున్నాడో ఆలకే తెలియాల, ఆడూ వొచ్చినాడు. సెల్వం తువ్వాలు ఉతుక్కుని వొచ్చినాడు. మన పెరట్లో కూకుని మల్లీ నేర్చుకున్నారు. నాను టీ కాసి కాసి సెయ్యి నొప్పెట్టినాది గానీ, తల్లీ, ఆ వారం ఇల్లు ఇల్లులాగుండీది.

పెల్లి రోజు ఎల్లినాక అప్పుడు సెప్పినాడు ఆసామి. మెడ్రాసు నుంచి సౌండోడు వొచ్చినాడంట. పాటలన్నీ సీడీలో ఉన్నాయంట. "మీరు వాయించక్కర్లేదు బావా, ఉత్తినే సేతులాడించండి. స్టేజి నిండుగుండాల, వీడియోలో గిటార్లు పడాల, బస్. శ్రమ కూడా లేదు మీకు" అన్నాడు. నిజంగా మంచికే అన్నాడే! శ్రమ లేకుండా సేసినాను కదా అని ఆయనకి సంతోసం. సూడు, వాయించినన్నాల్లూ ఒక్కొక్కర్నీ తీసీసుకొచ్చినారు. వాయించక్కర్లేని రోజుకి మాత్రం నలుగురూ కావాల్సొచ్చినాది. జోసెఫ్ పుల్లలకి గుడ్డ సుట్టినారు, సప్పుడు రాకుండా.

ఎల్లిపోదాం రండి అన్నాను మీ తాత సెవిలో. "వొప్పుకున్నాం కదే, నలుగురూ వొచ్చేసినారు, ఎలగెల్తాం" అన్నాడు. మెరుపు సొక్కాలేసుకుని స్టేజెక్కినారు. మీ తాత మాత్రం గిటారు వైరు తీసుకెల్లి సౌండు డబ్బాకి తగిలించుకున్నాడు. ఎందుకది అని కనుసైగ సేసినాను. ఆయన నాకేసి సూల్లేదు.

సీడీ పాడతన్నాది, ఈల్లు సేతులాడిత్తన్నారు, కుర్రోలు డేన్సులు. బాగున్నాది జనానికి. ఇంతలో ఏటైనాదో, పాట మద్దెలో సీడీ టక్ టక్ టక్‌మని ఒకే కాడ కొట్టుకుని ఆగిపోనాది. ఎక్కడోల్లక్కడ బొమ్మల్లాగుండిపోనారు. అప్పుడు మీ తాత వాయించినాడు. ఆగిన కాడ నుంచి అందుకున్నాడు. కల్లు మూసుకుని, ఒక్కడే. మిగతా ఆలకి వైర్లు లేవు కదా. పందిట్లో ఇంకే సప్పుడూ లేదు, గిటారొక్కటే. పిల్లలు డేన్సాపి స్టేజి కేసి సూత్తన్నారు. ఇంటన్నారు, ఆకరికి ఇంటన్నారని నాకు గుండి పొంగిపోనాది తల్లీ. పక్కనున్నామె సెయ్యి పట్టేసుకున్నాను, ఆమెవరో కూడా నాకు తెలీదు.

ఒకడు కుర్సీ మీద నుంచి లేసినాడు. "అరే భయ్యా! సౌండ్ ఖరాబ్ హో గయా! ఠీక్ కరో జల్దీ!" అన్నాడు.

సౌండోడు పరిగెట్టుకొచ్చినాడు. ఆ పాడైన సౌండు ఎక్కడినుంచొత్తందో ఎతికినాడు. మీ తాత వైరు దొరికినాది. లాగీసినాడు. మీ తాత మొకం కేసి కూడా సూల్లేదు ఆడు. సీడీ మల్లీ మొదలైనాది. సప్పట్లు! అబ్బో, మీ తాత జన్మలో అన్ని సప్పట్లు ఇన్లేదు. సప్పుడు లేని గిటారు అలగే వాయించుకుంటా నిలబడ్డాడు, నవ్వు మొకంతోనే, వొప్పుకున్న పాటలన్నీ అయిపోయీదాకా.

బోజనాలకాడ ఆసామి వొచ్చి మీ తాత బుజం తట్టినాడు. "ఏం వాయించినారు బావా! అచ్చం ఒరిజినలే. నడుమన కొంచెం సేపు పాడైనాది గానీ" అన్నాడు. మీ తాత రెండు సేతులూ జోడించి, "అవునండి, నడుమన కొంచెం పాడైనాది" అన్నాడు. నాను ఇస్తరి ముందర నుంచి లేసిపోనాను.

ఫెర్రీలో తిరిగొత్తన్నాం. సెల్వం ఉన్నాడు సూడు, ఆడు తువ్వాలు మొకానికి అడ్డం పెట్టుకుని, ఆడ గొంతుతో, "సౌండ్ ఖరాబ్ హో గయా జీ" అన్నాడు. నలుగురూ పడీ పడీ నవ్వినారు. జెట్టీ వొచ్చీదాకా నవ్వినారు. నాను నవ్వలేదు. ఆల్లు నవ్వుతన్నారో ఏడుస్తన్నారో నాకు తెలుసు.

అంతే. తర్వాత స్టేజెక్కలేదు. బిశ్వాస్ పోనాడు, జోసెఫ్ రంగత్ పక్క కొడుకు దగ్గిరున్నాడు. ఇప్పుడు సూడు, టూరిస్టు హోటళ్లలో మేనల్యాండు కుర్రోలు గిటారు పట్టుకుని కూకుంటన్నారంట, లైవ్ మ్యూజిక్ అని బోర్డు పెట్టి. బతికున్న మనిసి వాయిత్తన్నాడని బోర్డు పెట్టాల్సొచ్చినాది! మీ తాతకి సెప్తే, "ఆ బోర్డు మనకి లేకే సచ్చినాం" అన్నాడు.

నీ డీజే గురించి కదా అడిగినావు. పెట్టుకో తల్లీ. కుర్రోలు ఎగరాల, ఎగరకపోతే అది పెల్లేటి. నూరేల్లు నువ్వూ ఆ కుర్రోడూ సల్లగుండాల, కడుపునిండా తిని, నిండా నవ్వుకోవాల, నా ఆయుస్సు కూడా పోసుకోండి. తాత బురా మానడు. డీజే సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసు. నీ అన్న మొన్న వీధిలో ఫోన్లో అరుసుకుంటా మాటాడలేదేటి?

కానీ ఒక్క మాట. మొన్న మీ తాత ఫెర్రీ ఎక్కి ఒక్కడే బజారుకెల్లి, కొత్త తీగలు కొనుక్కొచ్చినాడు. ఏటికని అడిగితే గాలానికి అన్నాడు. గిటారు తీగకి ఏ సేప పడతాదే? నాను మరేటీ అడగలేదు.

అందుకని నువ్వెల్లి ఒకసారి అడుగు. తాతా, నా పెల్లికి వాయిత్తావా అని. వాయించడులే. నాకు తెలుసు ఆయన సంగతి. "పోవే, నాకేటి పని లేదా, డీజే ఉన్నాడు కదా" అంటాడు, మొకం అటు తిప్పుకుంటాడు. అననీ. కాదనడానికైనా ఒకలు అడగాల కదే మనిసిని...